రిమోటు అందినంత దూరం

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. భోజనాలయ్యాక, ఓడ పని నుంచి వస్తూ నువ్వు తెచ్చిన రెండు రిమోటు బండ్లనూ జీడిపిక్కలు ఆరబెట్టే కళ్ళం గట్టు మీంచి దూకించాను. మాన్‌స్టర్ ట్రక్కే గట్టిదని నేను, బగ్గీయే అని నువ్వు పందెం కట్టి మరీ ఎంత వాదించుకున్నామో కదా. ట్రక్కు ఎత్తుగా ఉండటంతో తిరగబడింది. ఆ పెద్ద చక్రాల బరువుకి లోపలి గేరు పళ్ళు ఊడిపోయాయి. నేలకి అణిగి ఉండే బగ్గీ మాత్రం దెబ్బ తిని, ఒకసారి ఎగిరి, మళ్ళీ పరుగందుకుంది.

"ఇప్పుడీటితో ఆటలేటిరా? రేపు మళ్ళీ మిషను కాడికి ఎల్లాల కదా," అంది అక్క.

నీకొచ్చిన కిడ్నీ జబ్బే నాకూ వచ్చింది. రోజు విడిచి రోజు టెక్కలి ఆసుపత్రికి వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటున్నాను. నీలాగే ఓడ ఎక్కుదామని తీయించుకున్న పాస్‌పోర్టు పెట్టెలోనే ఉంది.

బగ్గీని కొబ్బరితోట వైపు వదిలాను. కంచె దాకా పోయి ఆగిపోయింది.

"ఇరిగిపోయిందేటిరా?" అనడిగింది అక్క.

"లేదక్కా. రిమోటు అందేది అంతవరకే."

దారిలో ఆయాసానికి ఒకచోట కూర్చుని, వెళ్ళి తెచ్చుకున్నాను. ఎక్కడా చిన్న పగులైనా లేదు. పందెం నీదే, బావా.