నీకు మాత్రమే చూపించిన చెట్టు

వైట్ మౌంటెన్స్ క్యాంపు,
బిగ్ పైన్ ఊరి పైన,
1986 సెప్టెంబరు 13, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు.

చెల్లి గ్రాసియాన్‌కు,

కొండమీది నుంచి అక్క దొమెనికా దీవెనలు. వచ్చే గురువారం ఆపరేషన్ నాటికి నీ గుండె నీ మాట వినాలని, డాక్టరు చెయ్యి వణక్కూడదని మేరీమాతకు రోజూ మొక్కుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. నేను క్షేమం. నీ మొగుడి సంగతే తెలియడం లేదు.

బెత్తాన్ పొద్దున ఏడింటికి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తాను, పప్పుచారులో వెల్లుల్లి తగ్గించకు అని మరీ చెప్పి వెళ్ళాడు. చారు రెండుసార్లు వేడిచేశాను. ఇప్పుడు మూడైంది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒక మోకాలు సరిగ్గా లేదు, పదివేల అడుగుల పైన గాలే అందదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని కాగితం ముందేసుకున్నాను. అతను వచ్చేస్తే ఈ ఉత్తరం చింపి పొయ్యిలో పడేస్తాను. నీకు ఏ కంగారూ కలిగించకూడదని డాక్టరు చెప్పాడని నాకు తెలుసు.

అసలు జరిగింది చెబుతాను. మొన్న గురువారం వచ్చాడు. నా ట్రెయిలర్లో పడుకోమంటే వినలేదు. మీ నాన్న దగ్గర పదేళ్ళు గొర్రెలు కాసినవాణ్ణి, నాకు పరుపులెందుకు వదినా అని పదడుగుల దూరంలో తన పాత గుడారమే వేసుకున్నాడు. నిన్న సాయంత్రం నాన్న చేసినట్టే ఇనప కుండలో పిండి పెట్టి, నిప్పుల్లో పాతి రొట్టె కాల్చాడు. కోసే ముందు కత్తితో దాని మీద శిలువ గుర్తు గీసి, మొదటి ముక్క నా కుక్కకు వేశాడు. ముక్కు అదిరే వాసన. మీ ఆయన చేతిలో ఇంకా ఆ పనితనం ఉంది, ఆ మాట మాత్రం అతనితో అనకు.

తింటూ తింటూ ఏమీ ఎరగనట్టు అడిగాడు, వదినా, ఆ అన్నిటికన్నా ముసలి చెట్టు ఎక్కడుందో కాస్త చెబుదూ అని. ఎందుకయ్యా అన్నాను. గ్రాసియాన్ పంపింది అన్నాడు. ఆపరేషన్ లోపు ఆ చెట్టు మీద చెయ్యి పెట్టి తన పేరు చెప్పి రమ్మన్నదట. ఒక్క పట్టీ బెరడుతో నాలుగువేల ఏళ్ళకు పైగా బతికింది, దాని మొండితనం నాకు చిటికెడు చాలు అన్నావట. అది విని నా కళ్ళు చెమర్చాయి చెల్లీ, ఒట్టు.

కళ్ళు చెమర్చాయి సరే, నోరు ఏం చేసిందో చూడు. తూర్పు కాలిబాటలో మైలున్నర పోతే కొమ్ములు తిరిగిన పెద్ద చెట్టు, అదే అని చెప్పేసింది. ఈ క్యాంపు చూసుకుంటూ ఇరవై రెండు వేసవుల అలవాటు మరి. నీకు తెలుసుగా, ఈ కొండమీద పనిచేసేవాళ్ళందరం ఒట్టేసుకున్నాం. అసలు చెట్టు ఎక్కడని ఎవరడిగినా సరే, పాదిరిగారు అడిగినా సరే, కొమ్ముల చెట్టే చూపించాలి. లేకపోతే ఒకడు బెరడు ఒలుచుకుపోతాడు, ఇంకొకడు పెళ్ళాం పేరు చెక్కుతాడు. అడగడం ఆలస్యం, నా నోరు దానంతటదే తూర్పుకు తిరుగుతుంది.

అబద్ధం చెప్పానని నాలిక కరుచుకునే లోపే నీ మొగుడు బుద్ధిమంతుడిలా తలూపి, సరే వదినా, తూర్పు బాటే అన్నాడు. అంత తేలిగ్గా నమ్మేసరికి నాకే సిగ్గేసింది. పోనీలే, చేత్తో తాకేది ఏ చెట్టయితేనేం, మనసు ముఖ్యం అని సర్ది చెప్పుకున్నాను. ఇప్పుడు కూర్చుని ఏడుస్తున్నాను. అబద్ధం చెప్పి పంపిన దారిలో అతనికేమైనా అయితే నీకు నా మొహం ఎలా చూపించను?

సాయంత్రం ఏడు గంటలు.

రాలేదు. నాలుగింటికి రేంజర్ హార్లన్ పైకి వచ్చాడు. చెప్పగానే ఇంకో నలుగురిని కేకేసుకుని వెళ్ళాడు. కాలిబాటలు మొదలయ్యే చోట బెత్తాన్ బండి నిలిపి ఉంది. అందులో నీళ్ళ సీసాలు రెండు నిండుగా అలాగే ఉన్నాయి. ఆ మాట విన్నాక నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ కొండ మీద చుక్క నీరు లేదు, మా క్యాంపులోనే కింది నుంచి తెచ్చుకుని తాగుతాం. చంటిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి, మీ ఆయనకు చెప్పాలా?

కొమ్ముల చెట్టు దాకా వెళ్ళారు, అవతలి గట్టు దాకా వెళ్ళారు. పిలిచి పిలిచి హార్లన్ గొంతు బొంగురుపోయింది. ఒక అడుగు గుర్తు లేదు, రొట్టె ముక్క రాలలేదు. తిరిగొచ్చి మూడుసార్లు అడిగాడు, దొమెనికా, కచ్చితంగా తూర్పు బాటేనా, ఇంకెటైనా అన్నాడా అని. మూడుసార్లూ నేను ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్పాను, నా నోటితో నేను చెప్పి పంపానయ్యా, నాకు తెలియదా అని. పాపం మళ్ళీ అటే పోయారు.

ఇంత గొడవలోనూ ఫ్రెస్నో నుంచి వచ్చిన ఒకావిడ గుడారంలోంచి వచ్చి, ఏమండీ, ఆ పాత చెట్టు ఎటువైపండీ అని అడిగింది. నీళ్ళు నిండిన కళ్ళతోనే తూర్పు వైపు చెయ్యి చూపించాను. చూపించాక నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

కింద ఊళ్ళో ఫోను చేసి నీకు చెబుదామన్నాడు హార్లన్. చొక్కా పట్టుకుని ఆపాను. వద్దు నాయనా, ఆ గుండె ఇప్పుడు దేన్నీ మోయలేదు అన్నాను. రేపు అతను దొరక్కపోతే నువ్వు నన్ను జన్మలో క్షమించవు. దొరికినా క్షమించవేమో. అవతల సియెర్రా కొండల మీద మబ్బు కమ్ముకుంది, గాలి చల్లబడింది. గొర్రెతోలు కోటు అతని గుడారంలో ఉందో, వేసుకుపోయాడో చూడ్డానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు. చూసి, అక్కడే ఉంటే ఏం చెయ్యను?

ఆదివారం, మధ్యాహ్నం.

దొరికాడు. ప్రాణాలతో ఉన్నాడు. ముందు అది రాసి, కన్నీళ్ళు తుడుచుకుని, తర్వాత మిగతాది రాస్తున్నాను. మడమ దగ్గర ఎముక చిట్లింది, పెదాలు నీలంగా ఉన్నాయి, చెవులు మంటెత్తిపోతున్నాయి, అంతే. బిషప్ ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మంగళవారానికి మీ ఇంట్లో ఉంటాడు. గురువారం నీ పక్కన ఉంటాడు.

ఇప్పుడు నీ సంగతి చూస్తాను, కాసుకో.

తెల్లవారుతూనే హార్లన్ అడిగాడు, కుక్కకు వాసన చూపించడానికి అతని టోపీ ఏదైనా ఇవ్వు అని. రాత్రి చిన్న చిన్న మంచు రవ్వలు పడ్డాయి, ఇక ధైర్యం లేదంటే కుదరదు. గుడారంలోకి వెళ్ళాను. కోటు లేదు, హమ్మయ్య అనుకున్నాను. దుప్పటి ఎత్తితే ఉన్ని టోపీ, దాని కింద మడిచిన కాగితం. నీ చేతిరాత. ఎక్కడున్నా పోల్చుకుంటాను, సున్నాలన్నీ కోడిగుడ్లలాగా ఉంటాయి.

ఎర్ర బండ దగ్గర కాలిబాట వదిలెయ్. ఉత్తరంగా తెల్లలోయ పైకి చివరిదాకా ఎక్కు. అక్కడ ఒంటి చెట్టు. అక్క వేరే చెట్టు చెబుతుంది. నమ్మినట్టు తలూపు. గొడవ పెట్టుకోకు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గ్రాసియాన్. నాన్న పోయిన ఏడు, 1966లో, ఏడుస్తూ నా దగ్గరికి వస్తే నీకు ఒక్కదానికే, నీకు మాత్రమే ఆ తెల్లలోయ చెట్టు చూపించాను. నాన్న రొట్టె కత్తి మీద చెయ్యేసి, చచ్చినా ఎవరికీ చెప్పనని ఒట్టేశావు. ఇరవై ఏళ్ళు నా చెల్లెలు మాట మీద నిలబడిందని మురిసిపోయాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేది కాదు. అతనికి ఎప్పుడు చెప్పావు? ఆ ఏడాదే చెప్పి ఉంటావు. ఇంటికి వెళ్ళిన రాత్రే చెప్పి ఉంటావు.

ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. పాపం ఆ మనుషులందరినీ రోజంతా తూర్పుకు తిప్పింది నేనే. దారి చెప్పే కాగితం నా మంచానికి పదడుగుల దూరంలో రాత్రంతా ఉంది. కోటు ఉందో లేదో చూడ్డానికి భయపడకపోయి ఉంటే నిన్న సాయంత్రమే దొరికేవాడు. ఇది నేను ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను.

కాగితం పట్టుకుని పరుగెత్తాను. అరవై ఎనిమిదేళ్ళ దాన్ని, ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. తెల్లలోయకు పొండి, లోయ చివరికి పొండి అని అరిచాను. అక్కడికెందుకు పోతాడు, అక్కడేముంది అన్నాడు హార్లన్. కాగితం చూపించాను. కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు, మిగతావాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకు దొరికాడు. నిన్న పొద్దున చెట్టు దగ్గరకు చేరి, నీ పని చేసేసి, దిగుతుంటే తెల్లరాళ్ళ మీద జారాడట. పాకుతూ మళ్ళీ చెట్టు దగ్గరకే పోయి, గాలి తగలని పక్కన మోడు సందులో దూరి కూర్చున్నాడట. మిగిలిన రొట్టె తిన్నాడు. దాహానికి తెల్లారి రాళ్ళ మీది మంచు నాకాడట. హార్లన్‌ని చూడగానే నీళ్ళు కావాలనలేదు, నొప్పి అనలేదు. నేను ఎక్కడ దొరికానో మా వదినకు మాత్రం చెప్పకండి, మా ఆవిడ మాట పోతుంది అన్నాడట! హార్లన్ నవ్వాపుకోలేక నాతో చెప్పేశాడు. నేను మాత్రం ఏమీ తెలియనట్టే బెత్తాన్ నుదుటి మీద ముద్దుపెట్టి, తూర్పు బాటలో అంత దూరం ఎందుకు పోయావయ్యా అన్నాను. దారి తప్పాను వదినా అన్నాడు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకోలేదు.

ఇలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకో. నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం గురువారం తర్వాత చూసుకుందాం. రేపు హార్లన్ ఊళ్ళోకి దిగేటప్పుడు ఈ ఉత్తరం పోస్టులో వేస్తాడు.

నిన్ను తిట్టే హక్కు, నీకోసం ఏడ్చే హక్కు రెండూ ఉన్న
నీ అక్క
దొమెనికా

తా.క. సోమవారం, మధ్యాహ్నం రెండు.

ఇక్కడ ఆగి, మిగతాది ఆపరేషన్ అయ్యాక చదువు. ఆగవని తెలుసు. అందుకే త్వరగా చెప్పేస్తాను. తెల్లలోయ చెట్టు అసలు చెట్టు కాదు. 1966లో నీకూ అబద్ధమే చెప్పాను. నువ్వు నోరు అదుపులో పెట్టుకోలేవని భయపడి, దగ్గర్లో ఉన్న ఒంటి చెట్టు చూపించి, అదేనని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఒట్టు తప్పావని నిన్న రెండు పేజీలు నిన్ను దులిపాను, నా సంగతి ఇదీ. నీ మొగుడు కాలు విరగ్గొట్టుకుని చెయ్యి పెట్టింది ఏదో ఒక చెట్టు మీద. ఇది దాచుకుని నిన్ను ఆ బల్ల మీదికి పంపడం నా వల్ల కాలేదు.

అందుకని ఇవాళ పొద్దున ఐదున్నరకు బయల్దేరి అసలుదాని దగ్గరకు వెళ్ళాను. నాలుగుచోట్ల కూర్చుని లేచాను. అది పొట్టి చెట్టు గ్రాసియాన్, చూపుకు ఏమీ ఉండదు, పక్కనుంచి పోయేవాళ్ళు రెండోసారి తిరిగి చూడరు. చేతి తొడుగు తీసేసి, బెరడున్న చోట చెయ్యి పెట్టి నీ పేరు చెప్పాను. వినిపించిందో లేదోనని మళ్ళీ చెప్పాను. తర్వాత బెత్తాన్ పేరు కూడా చెప్పాను, నువ్వు చెప్పమనకపోయినా. అతనికి మాత్రం ఇదేదీ చెప్పకు. రాత్రంతా తనను కాచింది ఆ ముసలిదేనని నమ్ముతున్నాడు, నమ్మనీ.

గురువారం బతికి బయటపడు. వచ్చే వేసవికి డాక్టరు ఒప్పుకుంటే పైకి రా. నేనే చెయ్యి పట్టుకుని నడిపించి తీసుకెళ్తాను. ఈసారి అసలుదాని దగ్గరికే.