పుట్టింటి పేరు

తెనాలి

చిరంజీవి భరద్వాజకు పెద్దక్క రాస్తున్నది. మైలలో ఉన్నవాడికి దీవెనలు రాయకూడదు, శుద్ధి అయ్యాక రాస్తాను. ఇక్కడ మేమందరం అమ్మవారి దయవల్ల బాగానే ఉన్నాం. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నాకు మాట సాగదు. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగినవాటికి జవాబు. నా మోకాలి నొప్పి తగ్గింది. పంతులుగారు మీ బాపట్లకు కర్మకు ముందురోజే వస్తారు. నీ భార్య పెద్దకర్మ కార్డు ఇక్కడి ప్రెస్సులో ఇచ్చాను.

కార్డులో వేయమని నువ్వు పంపిన ఇంగ్లీషు వాక్యంలో అరుంధతి పేరు పక్కన ‘నే రిబ్కా దేవసహాయం’ అని ఉంది. ఆ ‘నే’ ఏమిటో తెలియక మా శ్రుతిని అడిగాను.

“అది ఫ్రెంచి మాటమ్మా. ‘పుట్టిన’ అని అర్థం. ఇంగ్లీషువాళ్లు అరువు తెచ్చుకుని, పెళ్లయినావిడ పుట్టింటి పేరు ముందు పెడతారు. పెళ్లి కబుర్లలో, చావు కబుర్లలో వేస్తుంటారు,” అంది.

మగవాళ్లకు లేదా అన్నాను.

“ఉంది. ఎవరికి కావాలి? మామయ్య పేరు ఎవరైనా మార్చారా ఏంటి!” అని నవ్వింది.

మంచి మాటే. మన ఇంటికి పనికిరాదు. పీటల మీద కూర్చోబెట్టే ముందు ఆ పిల్లకు అరుంధతి అని పేరు పెట్టింది నేను. ఇన్నేళ్లూ ఆ పేరుతోనే పూజలో కూర్చుంది, నలుగురికీ వడ్డించింది. పోయాక ఎక్కడ పుట్టిందో బంధువులకు చాటడం దేనికి? దేవుడి ముందు కూర్చుని ఆలోచించాను. మనసు నిమ్మళంగానే ఉంది.

కనుక ఆ మాటలు కొట్టేయించాను. కార్డులు అచ్చయిపోయాయి.

మొదటిది మీ మామగారికి ఇవ్వమన్నావు. నిన్న దేవసహాయంగారు రేపల్లె నుంచి బస్సులో వచ్చారు. అరుగు మీదే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను, కార్డు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో వరుసా చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

“అల్లుడుగారి పేరుందమ్మా. ఈ అరుంధతెవరు? మా పాపది ఇవ్వండి,” అన్నారు.

మేం పేరు మార్చిన సంగతి ఆ పిల్ల పుట్టింట్లో చెప్పనేలేదని అప్పుడే తెలిసింది. నేనూ చెప్పలేదు. అదేనండి కార్డు, అన్నాను. దీపం వేళైందని లోపలికి వచ్చాను.

దీపం పెట్టి, స్తోత్రం పూర్తిచేసి వచ్చి చూస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. కార్డు తిప్పి, అచ్చులేని వైపు వెతుకుతున్నారు.

వేళకు తిను.

ఇట్లు,
నిన్ను పెంచిన
పెద్దక్క