సెవెన్ నాట్ ఫోర్ కాదు, సత్తెమ్మ

అమ్మకు,

నీ రోహిణి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను మంచిగనే ఉన్న. అక్కడ నువ్వు, కాలు విరిగిన అమ్మమ్మ, ఇద్దరూ మంచిగుండాలె. ఫోన్ల చెప్తే సగంలనే "ఊకో బిడ్డా" అని పెట్టేస్తవు. అందుకే రాస్తున్న. కాగితాన్ని మధ్యల ఆపలేవు.

చిన్నమ్మతోని రాయించిన ఉత్తరం అందింది. దవాఖానల చెప్పేదాక అమ్మమ్మ కట్టు విప్పనియ్యకు. నేను తింటున్న, ఫికర్ చెయ్యకు. ఇగ నువ్వు కోపంగ అడిగిన సంగతి: ఒక్క రూముల ఉండేటోళ్లం, మిక్సీ ఖరాబైతే పట్టించుకోవు గని, ఇంట్లకు లామినేషన్ మిషన్ ఎందుకని. చెప్త, జర ఓపిక పట్టు.

నీ గేటు చీటీ యాదికుందా? నువ్వు పనిచేసే అపార్ట్‌మెంట్లోళ్లు ఇచ్చింది. పోయిన ఎండకాలం చెమటకు అక్షరాలు పోతున్నయని బుల్లిబాబు జిరాక్స్ షాపుల లామినేషన్ చేయించినవు. అది బస్సు టికెట్ తీరు కాగితం, వేడి తగలంగనే మొత్తం నల్లగ మాడింది. కొత్తది ఇచ్చేదాక నిన్ను గేటు బయట ఎండల నిలబెట్టిన్రు. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పినవు. నాకు నవ్వు రాలే.

అందుకే కొనేటప్పుడు అన్నీ చూసిన. నాకెవరూ నేర్పలే. హైటెక్ సిటీ ఆఫీసుల పాంట్రీల కప్పులు కడుక్కుంట ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న. షాపాయన పెద్ద మిషన్ చూపిచ్చి, దీంతోని దుకాణమే పెట్టుకోవచ్చన్నడు. మనకు దుకాణం వద్దన్న. వేడిగ, చల్లగ రెండు తీర్ల నడవాలె. కాగితం పెట్టే ప్లాస్టిక్ కవర్ లోపల ఇరుకితే వెనక్కి వదిలే మీట ఉండాలె. మంచం కింద పట్టాలె. గంతే. అయినా మొదటి కవర్ తెరిచిన దిక్కు నుంచి పెట్టి ఇరికిచ్చిన. అతుకున్న దిక్కే ముందు పోవాలంట. ఆ మీట లేకపోతే మిషన్ అప్పుడే పోతుండె.

నీతోని పనిచేసేటోళ్ల చీటీలన్నీ అడిగి తెచ్చి, మాడకుండ చల్లగ చేద్దామని కూసున్న. మొదటిది చదివిన. "సి బ్లాక్, 302, మెయిడ్." ఇంకోటి చూసిన, మరోటి చూసిన. ఒక్కదాని మీద గూడ పేరు లేదు. ఒళ్లు మండింది. పేరే లేని కాగితం చిరగకుండ నేనెందుకు కాపాడాలె? అన్నీ వాపస్ ఇచ్చి, పేరు, ఫోటోతోని కార్డులు చేస్త, పేర్లు చెప్పుండ్రి అన్న.

అమ్మా, మీరు కూడ ఒకల్నొకలు ఫ్లాట్ నంబర్లతోనే పిలుసుకుంటున్నరు. నువ్వు వాళ్లకు సెవెన్ నాట్ ఫోర్. "త్రీ నాట్ టూ అక్కకు మోకాలు నొప్పి తగ్గిందా" అని ఉత్తరంల రాయించినవు. తగ్గింది. ఆమె పేరు ఎల్లమ్మ. ఇన్నేండ్లు పక్కపక్కన కూసొని తిన్నరు. పేరడిగితే కొంగుతోని మొహం తుడుసుకొని చెప్పింది.

"రాయి బిడ్డా," అన్నది. "మా ఆయన గూడ మర్చిపోయిండు."

సోమవారం అందరూ చీటీలు ఇంట్ల పెట్టి, ఆ కార్డులు మెడల ఏసుకొని పోయిన్రు. నేను సెలవు పెట్టి వెంట పోయిన. చీటీ లేనిదే పంపొద్దని వాచ్‌మన్ తిమ్మప్పకు ఆర్డరుంది, ఆపిండు. జరసేపటికి పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా మెయిడ్ రాలేదు, పంపు అని. తిమ్మప్ప నన్నొకసారి చూసి, ఫోన్ల చాలా మర్యాదగ అన్నడు: "పేరు చెప్పండి మేడం. ఇక్కడ కార్డుల మీద నంబర్లు లేవు." ఎవ్వలకూ తెల్వదు. ఫ్లాటోళ్లల్ల నీహారిక మేడం ఒక్కతే తన పనామె పేరు చెప్పింది. మిగతావాళ్లు నైటీల మీద చున్నీలు ఏసుకొని కిందికి దిగి, మొహాలు చూసి తీసుకపోయిన్రు.

అసోసియేషన్ సెక్రటరీ సీతారామయ్య సారు గూడ దిగిండు. పనివాళ్లు మారుతుంటారమ్మా, ఫ్లాట్ నంబర్ మారదు కదా అన్నడు. మీ కుక్క పట్టీ మీద పేరుంది సార్, మా అమ్మ చీటీ మీద ఎందుకు లేదన్న.

ఇగ అసలు మాట. ఇందాకటి నుంచి దీని చుట్టే తిరుగుతున్న. ఆయన నన్ను పక్కకు పిలిచిండు.

"మిగతావాళ్ల సంగతి మీటింగులో చూస్తాం. మీ అమ్మ మాత్రం వస్తే చీటీతోనే రావాలి. లేదంటే రానక్కర్లేదు."

"మా అమ్మ చీటీతోని రాదు సార్."

నిన్ను అడగలే. పని నీది, జవాబు నేను చెప్పిన. ఆయనతోని అన్నందుకు నాకు రంది లేదు. నిన్ను అడగకుండ అన్నందుకు ఉంది.

నీ కార్డు తయారుంది. పసుపు చీర ఫోటో పెట్టిన. కవర్ల ఉంది గని మిషన్ల పెట్టలే. ఒక్కసారి వేడి తగిలితే ఇగ విప్పరాదు. నీ జవాబు ఇంకోసారి నేను చెప్ప. నువ్వొచ్చినంక, మిషన్ మీది ఎర్ర లైటు పచ్చగ అయ్యేదాక ఆగి, నువ్వే పెట్టు. అతుకున్న దిక్కు ముందు.

లేదు, చీటీతోనే పోతనంటవా, పో. గేటు దాక నేనూ వస్త. వాళ్లు సెవెన్ నాట్ ఫోర్ అన్నప్పుడల్లా, నేను పక్కన నిలబడి గట్టిగ "సత్తెమ్మా" అని పిలుస్త. తల్లిని పేరు పెట్టి పిలుసుడేందని తిడుతవు. తిట్టు. పడత.

ఇట్లు,
సత్తెమ్మ బిడ్డ
రోహిణి