రిజిస్టరులో ‘బ్లూటూత్’ అను మాటను కొట్టివేయుట గురించి

గౌరవనీయులైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,

ఎల్లమ్మకుంట గ్రామ నివాసి రాపోలు భిక్షపతి కూతురు నవనీత, వయస్సు 25 సంవత్సరములు, వృత్తి: నోటిఫికేషన్ కొరకు ఎదురుచూచుట, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా మండల ఠాణాలోని దొరికిన వస్తువుల రిజిస్టరులో నా మాట మీద ‘బ్లూటూత్ ఒకటి’ అని నమోదైన వస్తువు బ్లూటూత్ కాదనియు, అది తిరందాసు ఆండాళు గారి ఎడమ చెవి మిషను అనియు దిద్ది, ఆమెకు ఇప్పించుట గురించి.

సూచిక: 1) నేను స్వదస్తూరితో రాసిచ్చిన ధ్రువీకరణ కాగితం. 2) ఏడవ తేదీన జిల్లా పేజీలో పడిన నా ఫొటో. (రెండవది తమరు చూడకపోయినా నాకు అభ్యంతరం లేదు.)

పై విషయమై తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఈ నెల మూడవ తేదీ సాయంత్రం నకిరేకల్ లైబ్రరీలో చదువు ముగించుకొని (చదువు అనునది మర్యాద కొరకు వాడిన మాట) షేర్ ఆటోలో మా ఊరికి వస్తిని. బస్సు స్టేజీ దగ్గర అందరూ దిగిన తర్వాత సీటు సందులో బొటనవేలంత వస్తువు ఒకటి కనబడింది. ఒంటి రంగులో ఉంది, వంకీ తిరిగి ఉంది. ఒక కొసకు సన్నని గొట్టం, ఆ గొట్టం చివర మెత్తని బుడిపె. ఆటో నడిపే మల్లప్పకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, “నా బండిల గసుంటి పార్ట్ లేదు బిడ్డా” అని నాకే ఇచ్చేశాడు.

2. నేను ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్‌లో బీటెక్ పూర్తి చేసిన దానను. మిగతా అర్జీ చదువునంతసేపు తమరు ఈ ఒక్క వాక్యం మనసులో ఉంచుకొన ప్రార్థన.

ఇంటికి పోయి సదరు వస్తువును శాస్త్రీయంగా పరీక్షించితిని. పిడికిట్లో మూస్తే కుయ్యిమని కూసింది. జత కావడానికి ఫోను కోసం వెతుకుతున్నదని నిర్ధారించితిని. నా ఫోనులో ఎంత వెతికినా దాని పేరు రాలేదు. నా ఫోను స్థాయికి దిగిరాని ఖరీదైన రకమని నిర్ధారించితిని. చిన్న తలుపు తీస్తే లోపల చేతిగడియారంలో ఉండేటటువంటి గుండ్రటి సెల్లు ఉంది, ఛార్జింగు పెట్టే రంధ్రం ఎక్కడా లేదు. ఇక్కడ మొదటి సంవత్సరం పిల్లలకైనా అనుమానం రావాలి. నాకు మాత్రం విదేశాల్లో ఇప్పుడిట్లాగే చేస్తున్నారు కాబోలు అనిపించింది.

3. దాపరికం లేకుండా చెప్పుకొనవలసిన సంగతి ఒకటి ఉన్నది. దానిని చున్నీతో తుడిచి నా చెవిలో పెట్టుకున్నాను. పాట రాలేదు. దానికి బదులు వంటింట్లో మా అమ్మ మంజుల, పక్కింటి సోమమ్మతో మాట్లాడే మాటలు, నడుమ రెండు గోడలున్నా, నా పక్కన కూర్చుని చెప్పినట్టు వినబడ్డాయి.

“సదువుతలేదక్కా, సదివినట్టు చేస్తాంది. నేను సూడనట్టు చేస్తున్న. ఏడాదిన్నర సంది ఇద్దరం గిట్లనే నడిపిస్తున్నం.”

ధ్వని నాణ్యత చాలా బాగున్నదని ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నాను. తమరు నమ్మకపోతే ఆ పేజీ కూడా జతపరచగలను.

ఇతరుల వస్తువని తెలిసియు, నా గురించి ఇంట్లో ఇంకేమేమి అనుకుంటున్నారో తెలుసుకొను నిమిత్తం రెండు దినములు దానిని నా వద్దనే ఉంచుకొంటిని. నాలుగవ తేదీ రాత్రి బట్టల షాపు నుండి మా బాపు వచ్చి అన్నం తింటుండగా అమ్మ మళ్లీ నా సంగతి ఎత్తింది. బాపు చేతిలోని ముద్ద తినేశాడు. తర్వాత నెమ్మదిగా, “దాన్నేమనకు. దొరుకుతది తియ్యి” అన్నాడు. ఏది దొరుకుతుందో చెప్పలేదు. ఆ మాట విన్న తర్వాత ఆ వస్తువు చెవిలో ఉండనియ్యబుద్ధి కాలేదు. మరునాడు పొద్దున్నే ఠాణాకు పోయాను.

4. ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ కమలాకర్ సారు ఆ వస్తువును అరచేతిలో పెట్టుకొని చూసి, “మా అత్తకు గిసుంటిదే చెవి మిషన్ ఉండె. గది గాదా ఇది?” అని అడిగినారు.

నేను నవ్వాను. అది చిన్న నవ్వు కాదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. సార్, నేను ఈసీఈ అన్నాను. ఆయన మళ్లీ ఒకసారి వస్తువును, ఒకసారి నన్ను చూసి, అయితే రాసియ్యమన్నారు. నేను రాసిచ్చిన వాక్యం యథాతథంగా: ‘పై వస్తువును క్షుణ్ణంగా పరీక్షించితిననియు, ఇది బ్లూటూత్ పరికరమనియు, ఇంజనీరింగ్ పట్టభద్రురాలిగా ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ కింద సంతకం, సంతకం పక్కన బీటెక్. ధ్రువీకరించుమని నన్ను ఎవరూ అడగలేదు. నాలుగేళ్లుగా ఎవరూ అడగలేదు గనుకనే ఆ అవకాశం వదులుకోలేకపోయానని మనవి.

5. ఏడవ తేదీన జిల్లా పేజీలో ‘బ్లూటూత్ అప్పగించి నిజాయితీ చాటుకున్న యువతి’ అని వార్త వచ్చింది. ఫొటోలో నేనూ కమలాకర్ సారూ ఆ వస్తువును రెండు వైపులా రెండేసి వేళ్లతో, తేలును పట్టుకున్నట్టు పట్టుకొని ఉన్నాము. ఆ ఒక్కరోజే నలుగురు మగపిల్లలు ఠాణాకు వచ్చి అది మాదేనన్నారు. ఒకతను నలుపు రంగుదని కూడా చెప్పాడు. కాబట్టి ‘తన ఫోనుకు జతచేసి చూపినవారికే ఇవ్వవలెను’ అని సారు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకున్నారు. బ్లూటూత్ అయి ఉంటే అది చాలా మంచి షరతు.

6. తొమ్మిదవ తేదీన మా పక్క ఊరి తిరందాసు ఆండాళు గారు, వయస్సు 66, పేపరులో నా చేతిలో ఉన్నది తన మిషనేనని గుర్తుపట్టి, ఠాణాకు పోయినారు. మూడవ తేదీన అదే ఆటోలో మాకంటే ముందు ఎక్కి మాకంటే ముందు దిగిన మనిషి ఆమె. ఆటోలో పాటల మోతకు తల పగిలిపోతున్నదని మిషను తీసి కొంగున ముడి వేసుకున్నదట. ముడి జారింది.

సారు ఏ కంపెనీ అని అడిగినారు. ఆమె, “ఎడమ చెవి” అన్నది. ఏ ఫోనుకు కలుస్తుందని అడిగినారు. “ఎడమదే సారూ, కుడిది పుట్టుకతోనే పోయింది” అన్నది. బిల్లు ఉన్నదా అన్నారు. మళ్లీ ఎడమ చెవే. సారు ఓపికగా కాగితం మీద రాసి చూపించినారు. ఆమెకు చదువు రాదు. సారు ప్రశ్న ఆమెకు వినబడాలంటే మిషను కావాలి. మిషను సారు బీరువాలో ఉంది. బీరువా తెరవాలంటే ప్రశ్నకు జవాబు కావాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఠాణా వారి తప్పు ఎక్కడైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. ఎక్కడ వెతికినా నా సంతకమే దొరికింది.

7. కమలాకర్ సారు రిజిస్టరులో నా పేరూ ఊరూ చూసి, ఒక మనిషిని తోడిచ్చి ఆమెను మా ఇంటికి పంపించినారు. ఆమె ఎడమ మణికట్టుకు నూలు పోగుల దారం కట్టి ఉంది, చుట్టూ చర్మం ఎర్రగా కమిలింది. మొక్కు దారం అనుకొని, ఏ దేవునిదని సైగ చేసి అడిగాను.

“దేవునిది గాదు బిడ్డా, మా ముసలాయనది” అన్నది.

ఆమె భర్త నరహరి గారు గుంట మగ్గం నేస్తారు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. గుంటలోకి ఎట్లాగో జారి దిగుతారు గాని, పైకి రావాలంటే ఒకరు చేయి ఇవ్వాలి. ఆండాళు గారు ముందటింట్లో నూలు కండెలు చుడుతూ ఉంటే ఆయన పిలుస్తారు, ఆమె పోయి లేపుతుంది. చెవి మిషనుకు ఆ ఇంట్లో ఉన్న పని అదే. మిషను పోయిన మరునాడు దారం కొస ఒకటి ఆమె చేతికీ, ఒకటి మగ్గం గుంజకూ కట్టుకున్నారు. ఆయన గుంజితే ఈమె పోవాలి. దారం వాకిలి దాకా వస్తుంది. వీధి నల్లా దాకా రాదు.

నాలుగవ తేదీ మధ్యాహ్నం నల్లా వచ్చిందని ఆమె దారం విప్పి బిందెలతో పోయింది. వరుసలో ఆలస్యమైంది. ఆయన దారం గుంజితే ఉత్త కొస చేతికి వచ్చింది. మూడు గంటలు గుంటలోనే ఉన్నారు. ఆ తర్వాత ఏ స్థితిలో లేపిందో ఆమె చెప్పలేదు, బట్టలు మార్చిన అని మాత్రం చెప్పింది. ఆ రోజు నుంచి నరహరి గారు మగ్గంలో దిగే రోజున పొద్దున్నే నీళ్లు తాగడం మానుకున్నారు. ఏప్రిల్ నెల ఎండలు తమరికి తెలియనివి కావు.

నాలుగవ తేదీ మధ్యాహ్నం ఆ మిషను నా చెవిలో ఉంది. నేను మా అమ్మ మాటలు వింటున్నాను.

8. పదవ తేదీన వారి ఇంటికి పోయి నరహరి తాతతో, నీళ్లు మానవద్దని చెప్పబోయాను. ఆయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపి అన్న మాట: “దూప పెద్ద ముచ్చట గాదు బిడ్డా. పిలుస్తుంటె ఇంట్ల ఉన్న మనిషి రాకపోతె, మనిషి ఉన్నదా లేదా అని పానం గుబగుబ అంటది. లేచి సూద్దామంటె కాలు లేదాయె. గదే.”

అక్కడి నుంచి నేరుగా ఠాణాకు పోయి, అది చెవి మిషనే అని చెప్పితిని. కమలాకర్ సారు రిజిస్టరు తెరిచి నా కాగితం ముందు పెట్టినారు.

“నేను మిషనంటె నవ్వితివి. ఇయ్యాల నువ్వు మిషనంటె నేనెట్ల నమ్మాలె మేడం? కాయిదం మీద బీటెక్ అని ఉన్నది.”

ధ్రువీకరించిన దాన్ని తన అంతట తాను కొట్టివేయరాదనీ, పై అధికారి ఉత్తరువు కావాలనీ, నాకు తెలియక రాసినానని తమరికి ఒక్క ముక్క రాసుకొమ్మనీ సలహా ఇచ్చినారు. ఒక్క ముక్కే. దానికి నాకు ఐదు రోజులు పట్టింది. మొదట ‘సాంకేతిక కారణముల వలన’ అని రాశాను. చింపాను. ‘అనివార్య పరిస్థితులలో పొరపాటు దొర్లినది’ అని రాశాను. అది తనంతట తాను దొర్లలేదు, నేనే దొర్లించాను. ‘వస్తువు రూపకల్పనలోని అస్పష్టత వలన’ అన్నది అన్నింటికంటే బాగా వచ్చింది. దాన్ని చదివి చాలాసేపు మురిసిపోయి, అప్పుడు సిగ్గుపడి, అదీ చింపాను.

కాబట్టి ఇందుమూలముగా రాసిచ్చునది: నాకు తెలియదు. తెలిసినట్టు రాసితిని.

9. కావున దయగల తమరు,

రిజిస్టరులో ‘బ్లూటూత్’ అను మాటను కొట్టి ‘చెవి మిషను, ఎడమది’ అని రాయించవలెను. ఫోనుకు జతచేయవలెనను షరతును మార్చి, చెవికి జతచేసి చూడుటకు అనుమతించవలెను. లోపలి సెల్లు ఈపాటికి అయిపోయి ఉంటుంది గనుక కొత్తది నకిరేకల్ నుండి తెచ్చి ఇందుతో జతపరచితిని. మిషను ఆమె చెవిలో పెట్టి, కమలాకర్ సారు ఆమె వెనుక నిలబడి, మామూలు గొంతుతో, నీ మొగుని పేరేమని అడిగితే చాలు. ఆమె సిగ్గుపడితే మిషను ఆమెదే. మళ్లీ ఎడమ చెవి అంటే నా మీద తమరు ఏ చర్య తీసుకున్నా సమ్మతమే.

నా ధ్రువీకరణ కాగితాన్ని రద్దు చేయవలెను. బీటెక్ పట్టాను మాత్రం ఏమీ అనవద్దని మనవి. అది మా బాపు పెట్టెలో, ఇస్త్రీ చొక్కాల కింద ఉంది. ఎవరి జోలికీ రావడం లేదు.

ఇంత తెలివితక్కువను ఇంత పొడుగున రాసినందుకు క్షమించి, పొడుగును వదిలి ఆండాళు గారి సంగతిని మాత్రం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రాపోలు నవనీత
(పేరు పక్కన ఏమీ లేదు)

తాజా కలం: అయ్యా, ఇది నరహరి తాత ఇంటి అరుగు మీద కూర్చొని రాస్తున్నాను. మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి, ఆయన పిలిస్తే లేపడానికి ఇక్కడ ఉంటున్నాను. ఇక్కడ నేను ఉన్నంతసేపు ఆయన నీళ్లు తాగుతారు, నేను ఇంటికి పోయే వేళకు చెంబు బోర్లిస్తారు. ఇప్పుడు నేను ‘తెలివితక్కువ’కు అర్జీలో వాడదగిన మంచి మాట ఏముందా అని ఆలోచిస్తుండగా లోపలి నుంచి ఒక కండె వచ్చి నా వీపుకు తగిలింది. మూడుసార్లు పిలిచినారట. నాకు వినబడలేదు. పోయి చేయి అందించాను. తాత గుంటలోంచి లేచి, గుంజ పట్టుకొని నిలదొక్కుకొని, నా చేతిలో ఉన్న ఈ కాగితం చూసి అన్నారు:

“గదే కాయిదంల నీకు గూడ ఒకటి రాయించుకో బిడ్డా. రెండు చెవులకు.”