నేత్రావతి నాతో మాట్లాడిన రోజు

ఫిబ్రవరి 3, సోమవారం

ఫ్యామిలీ అడాప్షన్ లిస్టు నోటీసు బోర్డులో పెట్టారు. ఎంబీబీఎస్ ఫస్టియర్ వాళ్ళం ఇద్దరిద్దరం కలిసి ఒక ఊళ్ళో మూడు కుటుంబాల ఆరోగ్యం చూసుకోవాలి. మా చదువు అయ్యేదాకా అవే కుటుంబాలు. ఇన్నాళ్ళూ శవాలతోనే గడిచింది. ఇక బతికున్న మనుషుల దగ్గరికి! మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాను.

కింద దాకా వచ్చాక గుర్తొచ్చి, పార్ట్‌నర్ ఎవరో చూడటానికి మళ్ళీ పైకి వెళ్ళాను. నేత్రావతి.

ఫిబ్రవరి 4

నేత్రావతి నాతో మాట్లాడి డెబ్బై రోజులు దాటింది. తప్పు నాదే. ఈ మాట రాసుకోవడానికి కూడా ఇన్నాళ్ళు పట్టింది.

నవంబరులో డిసెక్షన్ హాల్లో మా ఇద్దరిదీ ఒకే టేబుల్. తొడ భాగం కోస్తున్నాం. ఫెమోరల్ నర్వ్ యాడ ఉండాది అని ఆమె అడిగింది. నేను ఆమె గొంతుతోనే, ఈడనే ఉండాది చూడమ్మా అన్నాను. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. శివు అయితే స్కాల్‌పెల్ కింద పెట్టి మరీ నవ్వాడు. మరుసటి రోజు ఆమె వేరే టేబుల్‌కి మారిపోయింది.

మాది ఎమ్మిగనూరు దగ్గర క్యాంపు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరు. తాతయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలవ కింద పొలం కొన్నాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ తెలుగే. నేత్రావతి వాళ్ళు ఇక్కడివాళ్ళే, ఊరు హచ్చొళ్ళి. వాళ్ళమ్మ మాలాంటి క్యాంపు వాళ్ళ పొలాల్లో నాట్లు వేస్తుందట. నాకు ఆ రోజు తెలియదు. తెలిసుంటే అలా అనేదాన్ని కాదా? ఏమో.

ఫిబ్రవరి 6

రూమ్మేట్ అనుపమ చేతికి పదకొండు సార్లు బీపీ చూశాను. పన్నెండోసారికి ఆమె బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఫిబ్రవరి 7

రేపే. ఏప్రన్ రెండుసార్లు ఇస్త్రీ చేశాను.

ఫిబ్రవరి 8, శనివారం. ఉదయం 8:10, బస్సులో

ఆమె కిటికీ పక్కన. ఇటు చివర నేను. మధ్యలో బీపీ మెషిన్.

అదే రోజు, సాయంత్రం 5

వరసగా రాయాలి.

మాకిచ్చిన రెండో ఇల్లు హనుమమ్మది. పొలం కూలి. కూతురు హులిగెమ్మ కాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఎనిమిదో నెల. గోడకు ఆనుకుని తల పట్టుకుని కూర్చుంది. పాదాలు బాగా వాచాయి. బీపీ కఫ్ చుట్టి చూశాను. 170/110. నేనే నమ్మలేదు. మళ్ళీ చూశాను, అదే.

నేత్రావతి నా మెడలోంచి స్టెత్ తీసుకుంది. తనూ చూసింది. 168/112. నా వైపు తిరిగి, సరిగ్గానే చూసిండావు అంది. డెబ్బై రోజుల తర్వాత మొదటి మాట. లోపల ఎగిరి గంతేసినంత పనైంది. ఎదురుగా ఒక మనిషి అంత బాధలో ఉంటే నా సంతోషం నాది. సిగ్గేసింది.

పక్క వీధిలో వేరే బ్యాచ్‌తో ఉన్న మా సుధాకర్ సార్‌కి ఫోన్ చేశాం. ఆయన పరుగున వచ్చి, తనూ చూసి, వెంటనే 108కి ఫోన్ చేశారు. హనుమమ్మ ఒప్పుకోలేదు. ఇంత ఎండకు తలకాయ నొప్పి రాకుంటే ఏమొస్తాది, కాఫీ తాగి పండుకుంటే పోతాది అంది. నాట్లు జరుగుతాండాయి, ఆస్పత్రిలో దీని కాడ ఎవురు కూకునేది అంది. సార్ చెప్పారు. తర్వాత నేను చెప్పాను. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే ఏమవుతుందో ప్రీఎక్లాంప్సియా, సీజర్స్, ఎమర్జెన్సీ అంటూ అంతా ఇంగ్లీషులోనే చెప్పాను. ఈ క్యాంపోళ్ళ బిడ్డ ఏందేందో అంటాది, నాకేమీ తెలీలే అని ఆమె చీపురు అందుకుంది.

అప్పుడు నేత్రావతి ఏప్రన్‌తోనే ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. నెమ్మదిగా చెప్పింది. అత్తా, మా అక్కకూ ఇట్లనే తలకాయ నొప్పి లేసింది. కండ్లు మసక అనింది. పొద్దున పోదాంలే అనుకున్యాము. ట్రాక్టర్లో పోతాంటే దావలో ఫిట్స్ వచ్చినాయి. అక్క బతికింది, బిడ్డ దక్కలేదు. పొద్దున పోదాంలే అనింది నేనే అత్తా.



హనుమమ్మ చీపురు పక్కన పెట్టింది. మీదేవూరు అని అడిగింది. హచ్చొళ్ళి. మీయమ్మ ఏం చేస్తాది. నాట్లకు పోతాది. అంతే. హనుమమ్మ లేచి లోపలికి వెళ్ళి ఒక చీర, ఒక చెంబు, కాన్పు వివరాలు రాసే తాయి కార్డు సంచిలో వేసుకుంది. తలుపుకు తాళం పెట్టింది.

అంబులెన్స్‌లో హులిగెమ్మకు ఒక పక్క నేను, ఒక పక్క నేత్రావతి. నాకేమైనా అవుతాదా అక్కా అని ఆమె నన్నే అడిగింది. నా కంటే ఆమే పెద్దది. ఏమీ కాదు అని చెప్పలేదు, మేం ఇక్కడే ఉంటాం అని చెప్పాను. ఆస్పత్రిలో ఇంజక్షన్లు మొదలుపెట్టాక డ్యూటీ డాక్టరు, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నారట. సార్ ఆ మాట చెప్పగానే నేత్రావతి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి. మేం కనిపెట్టాం. మేమిద్దరం!

బయటికొచ్చాక విపరీతమైన ఆకలి. బొరుగుల ఒగ్గరణె, మిర్చి బజ్జీలు ఒకే ప్లేటులో తిన్నాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

క్యాంటీన్‌లో సారీ చెప్పాను. నిన్న జరిగినదాని వల్ల కాదు, ముందే చెప్పాల్సింది అన్నాను.

ఆమె పరవాలేదు అనలేదు. నువ్వు ఎక్కిరించినావని కాదు, ఆ దినం నుంచి నేను క్లాసులో ఒక్క డౌటు కూడా అడగలేదు, అందుకే కాళ్ళ అనాటమీ ఇంటర్నల్స్‌లో ఫెయిలైనాను అంది. నేను జోకు వేశాననుకున్నాను. ఆమె నోరు మూయించానని తెలియదు.

ఆమె బ్యాగులోంచి అనాటమీ అట్లాస్ తీసి నా ముందు పెట్టింది. ఇబ్బుడు చెప్పు, తొడ నుంచి మొదలుపెట్టు, నాకు తెలిసేదాకా అడుగుతానే ఉంటాను అంది.

మూడు గంటలు అడిగింది. కొన్నిటికి నాకూ జవాబు తెలియదు.

ఫిబ్రవరి 11

సిజేరియన్. ఆడపిల్ల. 1.9 కిలోలు. తల్లికి బీపీ దిగుతోంది. ఈ కబురు హనుమమ్మే నేత్రావతికి ఫోన్ చేసి చెప్పిందట.

ఫిబ్రవరి 15, శనివారం

పాపను చూశాం. నా వేలు అందిస్తే గట్టిగా పట్టుకుంది. ఇది గ్రాస్ప్ రిఫ్లెక్స్, నీ మీద ప్రేమేం కాదు అని నేత్రావతి చెప్పింది. పాప రెండో చేతిలో అప్పటికే ఆమె వేలు ఉంది.

ఇద్దరం కదల్లేదు. మధ్యాహ్నం రెండింటి ఫిజియాలజీ క్లాసుకు ఇద్దరం యాబ్సెంట్.