ఊరికే కూర్చునే ఓడ

అమీర్‌పేట,
శనివారం

చి.ల.సౌ. హరిణికి అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే ఎంతమందిమో నీకు తెలియంది కాదు కాబట్టి పేర్లు రాసి కాగితం ఖర్చు చెయ్యను. పుణెలో నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

చీర పార్సెల్లో పెట్టిన నీ ఉత్తరమూ, రెండు ఓడల కాగితాలూ అందాయి. చీర బాగుంది. మా పెళ్ళిరోజుకి నువ్వు మమ్మల్ని ఓడెక్కిస్తున్నావని మీ నాన్న అమీర్‌పేట అంతా చాటారు, ఇస్త్రీ అతనితో సహా. "ఫోన్లో ఏమడిగినా ఊఁ అంటావు, నీకేం కావాలో కాగితం మీదైనా రాయమ్మా" అన్నావు. ఊఁ అనక ఏమనాలే? ఫోన్ మోగగానే ఆయన స్పీకరు పెట్టి భోజనాల బల్ల మధ్యలో పెడతారు. నేను నోరు తెరిచేలోపు అటునుంచి ఆయన, ఇటునుంచి మీ బాబాయి కూతురు రాగసుధ నా తరఫున జవాబులు చెప్పేస్తారు. ఆ పిల్ల కోచింగ్‌కని వచ్చి నీ గదిలో దిగిందిగా, కదిలే సూచనలైతే ఏమీ లేవు. అందుకని కుక్కరు కూతల మధ్య ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాకు నీళ్ళంటే భయం లేదు. ఓడలో కడుపులో తిప్పుతుందేమోనన్నావు. ఇక్కణ్ణుంచి కోఠీకి సిటీ బస్సులో నిలబడి వెళ్ళినదాన్ని, నాకేం తిప్పదు. రోజుకో ఊళ్ళో ఆగే ఓడ కంటే, రోజుల తరబడి సముద్రం మీదే ఉండే ఓడ నీ మోకాళ్ళ నొప్పులకి నయమేమో అన్నావు. నాకు కావలసిందీ ఆ ఓడే, నొప్పులున్నాయి గానీ అది కారణం కాదు. అసలు కారణం రాయడానికే కూర్చున్నాను. కానీ ముందు మీ నాన్న సంగతి రాయకపోతే నా కడుపుమంట చల్లారదు.

పోయిన వారం పంజగుట్టలో నువ్వు చెప్పిన ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాం. దివ్యశ్రీ అని ఓపిక గల పిల్ల. రెండు కాగితాలూ మా ముందు పరిచి చెప్పింది. "అంకుల్, గీ మొదటిదాంట్ల దినాం ఒక ఊరుంటది. పొద్దుగాల దిగుడు, బస్సెక్కుడు, ఊరు చూసుడు, సాయంత్రం మళ్ల ఓడెక్కుడు. గా రెండోదైతే సింగపూర్ల ఎక్కి ముంబైల దిగుతరు. నడుమ కొలంబో ఒక్కటే ఊరు. మిగిలిందంత సముద్రమే. తినొచ్చు, పండుకోవచ్చు, ఊకె కూసోవచ్చు."

ఊకె కూసోవచ్చు. ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది హరిణీ. ఊరికే కూర్చోవడానికి కూడా ఒక ఓడ ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఇదే ఖాయం చెయ్యమ్మా అనబోయాను. ఈలోపు మీ నాన్న నవ్వారు. "నీళ్ళు చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా, ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు తింటూ చూడొచ్చు. మాకు మొదటిదే" అన్నారు. దివ్యశ్రీ నా మొహం చూసింది. "జర ఆంటీని సుత అడగుండ్రి అంకుల్" అంది. "ఆవిడకి ఏదైనా ఒకటేనమ్మా" అన్నారు. నాకు ఏదైనా ఒకటేనని ఈయనకి పెళ్ళప్పుడు ఎవరు చెప్పారో గానీ, ఆ మాట మీదే ఇంతకాలం కాపురం చేశారు.

అప్పటికి, చూసి చెబుతామని ఆ పిల్లతో అని నేనే ఆయన్ని బయటికి లాక్కొచ్చాను. మెట్లు దిగుతూ అడిగాను, "ఇంతకీ ఆ ఊళ్ళలో మీరు చూడాలనుకున్నది ఏంటి?" అని. "ఊళ్ళెవరికి కావాలి అరుణా, అక్కడ మనవాళ్ళున్నారు" అన్నారు. విన్నావా? ఓడ ఆగే ప్రతి ఊళ్ళోనూ మనింట్లో ఉండి చదువుకుని వెళ్ళిన పిల్లాడు ఒకడున్నాడట. కౌలాలంపూర్‌లో కేదార్, పెనాంగ్‌లో తారక్, ఇంకో చోట ఇంకొకడు. ఆయన కాగితంలో ఊళ్ళ పేర్లు చదవలేదు, పిల్లల పేర్లు చదువుకున్నారు.

పదో తరగతి పరీక్షలకి గ్రైండరు పక్కన పీట వేసుకుని చదివినదానివి, నీకు నేను చెప్పాలా? మనవైపు ఎవరి పిల్లాడు కంప్యూటరు కోర్సుకి అమీర్‌పేట వచ్చినా, "హాస్టలు తిండి నీకు పడదు, రాఘవయ్యగారింట్లో దిగు" అని పంపడమే కదా. ఒక బ్యాచ్ ఉద్యోగాలొచ్చి వెళ్ళేలోపు ఇంకో బ్యాచ్ సూట్‌కేసులతో గుమ్మంలో ఉండేది. అందరూ మంచి పిల్లలే. నాకు అదే చిక్కు. ఒక్కడైనా పొగరుబోతు అయ్యుంటే నాకు కోప్పడ్డానికి వీలుండేది. అందరూ కంచం కడిగి పెట్టి, "పిన్నీ, మీ చారు అమృతం" అని పడుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళంతా కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు 'బాబాయిగారి మెస్'. మెస్ బాబాయిగారిదట. గరిట ఎవరిదో మాత్రం రాయలేదు.

ఆ గ్రూపులో మీ నాన్న మేం వస్తున్నామని పెట్టేశారు. ఇంకా టిక్కెట్టే కొనలేదు! వెంటనే తారక్ ఫోన్ చేశాడు. "పిన్నీ, మీరు దిగగానే రేవు దగ్గరికి నేనే వస్తాను. చేతులూపుకుంటూ రండి, ఏమీ తేవద్దు. మునక్కాడలు, గుమ్మడికాయ, చింతపండు అన్నీ తెచ్చి పెడతాను. మీ చేత్తో ఒక్కసారి ముక్కల పులుసు పెడితే చాలు. ఇక్కడి తెలుగువాళ్ళు ఓ ఇరవైమంది వస్తారు. అందరికీ మీ గురించి చెప్పి ఉంచాను." వాడి గొంతులో ఎంత సంతోషమో. మర్నాడు కేదార్ భార్య. గోంగూర పచ్చడి నా దగ్గర కూర్చుని నేర్చుకోవాలని ఎన్నాళ్ళ నుంచో కోరికట. ఊరూరా దిగడం, పొయ్యి వెలిగించడం, గిన్నెలు దించి మళ్ళీ ఓడెక్కడం. నా పెళ్ళిరోజుకి నువ్విచ్చే బహుమతి ఇలా తయారైంది చూడు.

వాళ్ళకి నామీద ప్రేమ లేదనను. ఉంది. కానీ ఆ ప్రేమ నా వంట దాటి ఇవతలికి రాలేదు. నన్ను తలుచుకుంటే వాళ్ళకి ఆకలేస్తుంది. మీ నాన్నకైతే వాళ్ళని తలుచుకుంటే కడుపు నిండిపోతుంది. మధ్యలో నేనేమిటో ఎవరికీ అక్కర్లేదు. నాలుగు రోజులుగా ఆయన బల్ల మీద డబ్బాలు పరుచుకుని, ఏ ఊరివాడికి ఏ ఊరగాయో చీటీలు అంటిస్తున్నారు. ఊరగాయలు పెట్టేది ఎవరో నువ్వే ఊహించుకో.

ఇక ఇన్నాళ్ళూ నీకు చెప్పని సంగతి. నవ్వకు, కంగారుపడకు. శుక్రవారాలు ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరతానా, ఎర్రగడ్డలో దిగను. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మియాపూర్ దాకా, అంటే లైను చివరిదాకా వెళ్తాను. అక్కడ నాకు ఏ పనీ లేదు. మళ్ళీ అదే రైలెక్కి వెనక్కి. మనసు బాగా విసిగి ఉంటే ఇటు ఎల్‌బీనగర్ దాకా కూడా పోతాను. చల్లగా ఉంటుంది. చుట్టూ అంతమంది ఉన్నా ఒక్కరూ నన్ను కాఫీ అడగరు. అద్దంలోంచి మేడలూ, బోర్డులూ పోతుంటే చూస్తూ కూర్చుంటాను. ఏమీ ఆలోచించను కూడా. తిరిగొచ్చేటప్పుడు ఎర్రగడ్డలో దిగి, నాలుగు వంకాయలు కొనుక్కుని ఇంటికొస్తాను. వేసవి నుంచీ ఇదే నడుస్తోంది.

నిన్న దొరికిపోయాను. నేను రైల్లో ఉండగా మీ నాన్న ఫోన్. రాగసుధకి టీపొడి డబ్బా కనపడలేదట. కళ్ళెదురుగా అరలో ఉంది, ఇద్దరూ కలిసి వెతికారట! నేను చెప్పేలోపు నా నెత్తిమీద మైకు, తర్వాత వచ్చేది మియాపూర్ అని గట్టిగా అరిచింది. ఆయన ఫోన్ పెట్టేశారు. నేను ఇంటికొచ్చి సంచీ దించాక అడిగారు.

"మియాపూర్‌లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే ఎందుకెళ్ళావు?"

"ఎవరూ లేరనే వెళ్ళాను."

ఆయనకి అర్థం కాలేదు. నటన కాదు, నిజంగానే అర్థం కాలేదు. మనవాళ్ళు లేని చోటికి మనిషి కావాలని ఎందుకు వెళ్తుందో ఆయన ఊహకి అందడం లేదు. కుర్చీలో కూలబడి నన్నే చూస్తున్నారు. రాగసుధ క్లాసుకి పోయింది కాబట్టి ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. మళ్ళీ అలాంటి సమయం ఎప్పుడు దొరుకుతుందో తెలీదు గనక చెప్పేశాను. నేను రెండో ఓడే ఎక్కుతాను, ఒక్కదాన్నే ఎక్కుతాను అని. నీకు రాయలేక ఇంతసేపు తిప్పిన మాట ఇదేనే.

"నీకు ఊళ్ళు వద్దంటే నేనూ ఆ ఓడే ఎక్కుతాను, అంతేగా" అన్నారు. "మీరొస్తే మర్నాటికల్లా ఓడలో తెలుగువాళ్ళందర్నీ మన గదిలోకి తెస్తారు. మా ఆవిడ దగ్గర ఆవకాయుంది రండి అంటారు" అన్నాను.

"అనను."

"అంటారు."

"అంటానేమో" అని ఒప్పుకున్నారు. తర్వాత నేల చూస్తూ, "అయితే నువ్వు ఎవరూ లేరు అన్నావే, అందులో నేనూ ఉన్నానా అరుణా?" అన్నారు.

లేదండీ అనేస్తే అక్కడితో పోయేది. ఇన్నేళ్ళూ అలాగే పోనిచ్చాను. ఈసారి అనలేదు. "ఈ కాసిన్ని రోజులకీ ఉన్నారండీ" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తారక్. ఈయన అలవాటుగా స్పీకరు నొక్కారు. మునక్కాడలు ఇచ్చే కొట్టు దొరికింది బాబాయ్ అని వాడు మొదలుపెట్టాడు. "ఒరే, మీ పిన్ని రావట్లేదురా. నేనూ మా అన్నయ్యా వస్తాం" అన్నారు. "అయ్యో, ఏమైంది? పిన్నికి ఒంట్లో బాలేదా?" అన్నాడు వాడు. మీ నాన్న నావైపు చూశారు. "అలిసిపోయిందిరా" అన్నారు.

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు హరిణీ. వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బాగా ఏడ్చాను. బాధేసి కాదు. ఎందుకో నాకే సరిగ్గా తెలీదు.

కానీ మనవాళ్ళు అంతటితో ఊరుకుంటారా? పిన్ని అలిసిపోయిందట అని గ్రూపంతా పాకింది. నిన్న సాయంత్రం నుంచి ఒకటే ఫోన్లు. ఒక్కొక్కడికీ నేను బాగానే ఉన్నానని చెప్పలేక నిజంగానే అలిసిపోయాను. కేదార్ కౌలాలంపూర్‌లో కూర్చుని సోమాజిగూడలో పెద్ద డాక్టరు దగ్గర నాకు అపాయింట్‌మెంట్ తీశాడు. అలసటకి స్కానింగులట! రాగసుధ మాత్రం జాలిపడి నిమ్మరసం కలిపి తెచ్చింది. కలిపిన గిన్నె, గరిట, పిండిన చెక్కలు గట్టుమీదే ఉన్నాయి.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. మీ నాన్నకీ మీ పెదనాన్నకీ మొదటి ఓడ. వాళ్ళు ఊరూరా దిగి దండాలు పెట్టించుకుని, పులుసు ఎవరు పెడితే వాళ్ళ చేతిది తింటారు. నాకు రెండోది, ఒక్కదానికి గది. అలా ఇస్తారని దివ్యశ్రీని నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. "ఫికర్ చెయ్యకు ఆంటీ, నేను చూసుకుంట" అంది ఆ పిల్ల. మేమేం పోట్లాడుకోలేదు, వెంటనే రైలెక్కి రాకు. పెళ్ళిరోజు ఫోటో ఇక్కడే దిగి పంపుతాం.

ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ మీ నాన్న మళ్ళీ అడిగారు, "నీళ్ళ మధ్య అన్ని రోజులు ఏం చేస్తావు?" అని. ఏమీ చెయ్యనన్నాను. "ఏమీ చెయ్యకుండా ఉండటం నీకు చేతనవుతుందా?" అన్నారు. ఎగతాళికి కాదు, పాపం, దిగులుగానే అడిగారు. నాకు జవాబు తెలీదు. చేతనవుతుందో లేదో చూసుకోవాలనే వెళ్తున్నాను.

నీ ఉత్తరం చివర ఇంకో మాట రాశావు, దాన్ని కావాలనే ఆఖరికి ఉంచాను. ముంబైలో దిగితే పుణె దగ్గరే కదమ్మా, మా వంటమనిషి నెల్లాళ్ళు ఊరెళ్తోంది, అలాగే వచ్చి మా దగ్గర ఉండిపో అన్నావు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను తల్లీ. నువ్వు మంచి మనసుతోనే రాశావు, వాళ్ళందరిలాగే. నాకు రావాలనే ఉంది, నిన్ను చూసి ఏడాది దాటింది. వస్తాను. అయితే వచ్చేది మీ అమ్మ. వంటమనిషిని మాత్రం ఇంకెక్కడైనా చూసుకో.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న
మీ అమ్మ
అరుణాదేవి