పెట్టని సంతకం

టాలివర్, అలబామా
1965 ఫిబ్రవరి 18

ప్రియమైన కొరీన్,

మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు.

సోమవారం తెల్లవారకముందే ఓటుకి పేరు రాయించడానికి కోర్టు ముందు వరసలో నిలబడింది. వాన. నల్లవాళ్ళు నూటపది మంది. నేను బడిలో ఉన్నాను. పదకొండింటికి ఒజెల్లా వంతు వచ్చింది. కాగితాలు సరిగా లేవన్నాడు గుమాస్తా, నాలుగోసారి. ఆమె కదలలేదు. పోలీసు డిప్యూటీ భుజం పట్టి బయటికి తోశాడు. మెట్టుకి తల తగిలింది. సాయంత్రం నాలుగింటికి పోయింది. మాట్లాడలేదు.

నిన్న ఖననం చేశాం.

మీ బావ,
లెమ్యుయెల్

డెట్రాయిట్
మార్చి 3

ప్రియమైన బావకి,

కాలేజీలో చదివినవాడివి, పోలీసు రిపోర్టులా రాశావు. నిష్ఠూరం కాదు. అక్క చేతిరాత అచ్చులా ఉండేది. కాగితాల్లో తప్పేమిటి?

వరసలో అక్క వెనకున్నామె అమ్మతో చెప్పిందట. "నీకు పూచీ ఎవరు?" అని గుమాస్తా అడిగితే, అక్క నవ్వి, "ఉన్నాడు, బడిలో పాఠం చెబుతున్నాడు" అందట. వేళాకోళం అనుకుంది అమ్మ. నాకు అర్థం కాలేదు. బడి పిల్లలకి చెప్పినట్టే నాకూ చెప్పు.

ప్రేమతో నీ మరదలు,
కొరీన్

టాలివర్
ఆగస్టు 15, ఆదివారం

ప్రియమైన కొరీన్,

ఐదు నెలలు జవాబు రాయలేదు.

ఇక్కడ కొత్తగా ఓటు కావాలంటే, అప్పటికే ఓటున్న మనిషి పూచీ సంతకం పెట్టాలి. నల్లవాళ్ళలో ఓటున్నవాళ్ళం ఏడుగురం. హెడ్మాస్టరుని కనక నా పేరు ఉంచారు. కిందటి అక్టోబరులో స్కూళ్ళ సూపరింటెండెంటు పిలిచాడు. "లెమ్యుయెల్, తెలివైనవాడివి. పెన్ను జేబులోనే ఉండనీ" అన్నాడు.

మొక్కజొన్న రొట్టె వడ్డిస్తూ ఒజెల్లా అడిగింది. "ఊళ్ళో పిల్లలందరి మార్కుల మీదా సంతకం పెడతావు. నా దగ్గరకొచ్చేసరికి సిరా అయిపోయిందా?"

వచ్చే ఏడు పెడతానన్నాను.

"సరే మాస్టారూ, అందాకా వీధిలో అడుక్కుంటాను."

మిగతా ఆరుగురినీ అడిగింది. సొంత మొగుడే పెట్టలేదు, మేమెలా పెడతామన్నారు.

ఈ నెల ఓటు హక్కు చట్టం వచ్చింది. కేంద్రం మనుషులు పోస్టాఫీసులో కూర్చుని పేర్లు రాసుకుంటున్నారు. పూచీ అక్కర్లేదు. నా సంతకం ఇక ఎవరికీ పనికిరాదు. పనికొచ్చిన రోజుల్లో నేను పెట్టలేదు.

ఇవాళ చర్చిలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒజెల్లా ప్రాణమిచ్చి తెచ్చిన చట్టం అన్నారు. ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకోనిచ్చాను. మీ అమ్మ కూడా పట్టుకుంది. తన పేరు రాయించడానికి నన్నే తోడు రమ్మంది.

రేపు పొద్దున్న ఎనిమిదింటికి కారు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్తాను. ముందు ఈ సంగతి చెబుతాను. ఆ తరవాత కారెక్కితే పోస్టాఫీసుకి తీసుకెళ్తాను. ఎక్కకపోతే, ఆవిడ వెనకాల నడుస్తాను.

లెమ్యుయెల్